నాలుగో పేరా

నా పని మాటలు ఉతికి ఆరేయడం.
కంపెనీల వాళ్ళు మడ్డి మాటలు తెస్తారు,
గంజి పెట్టి ఇస్త్రీ చేసి
పేపర్లకి పంపుతాను.
నుంగంబాక్కంలో మూడో అంతస్తు,
కిటికీకి అవతల ఎవరిదో జనరేటరు
రోజంతా డీజిలు తాగి దగ్గుతుంటుంది,
ఇవతల నేను
స్వచ్ఛమైన గాలి గురించి రాస్తుంటాను.

ఈసారి ప్లాస్టిక్కుని నూనెగా మార్చే యంత్రం.
కొడుంగైయూర్ చెత్తగుట్ట పక్కన రేకుల షెడ్డు,
షెడ్డుకి కొత్తగా ఆకుపచ్చ రంగు,
ఆరలేదింకా, నా చున్నీకి అంటింది.
ఎంత కార్బన్ ఆపుతుందో
వరదన్ గారు టన్నుల్లో చెప్పారు.
టన్నులెవరికి అర్థమవుతాయి, చెట్లలోకి మార్చమన్నారు.
మార్చాను.
పద్దెనిమిది వేల చెట్లు.
కాలిక్యులేటర్లో మొలిచినవి,
వాటి మీద కాకి కూడా వాలదు.

"ఒక కార్మికురాలి మాట కావాలి, రెండు వాక్యాలు,
కంట తడి పెట్టించాలి, మరీ ఏడిపించకూడదు."
అలా వచ్చి నా ముందు నిలబడింది అంకమ్మ.
పుట్టింది ఇక్కడే,
తాత కాలంలో ఒంగోలు దిక్కు నించి
చీపురు పట్టించడానికి తెచ్చిన కుటుంబం.
నా తమిళం రెండు ముక్కలు విని
"మనోళ్ళ పిల్లవేనా" అంది.
ఆ తెలుగులో సగం ఉప్పుగాలి, సగం మద్రాసు బస్సు.

నేను రాసింది చదివి వినిపించమంది.
"ఈ సుస్థిర సాంకేతికత నా జీవితానికి గౌరవం తెచ్చింది."
"సుస్థిర అంటే ఏంది?"
"అంటే... చాలాకాలం నిలబడేది."
నవ్వింది, పక్క పన్ను లేని నవ్వు.
"నిలబడ్డమా?
తెల్లారి నాలుగ్గంటల కాణ్ణించీ నిలబడే ఉండానమ్మా.
ఆ సంగతి మిషన్ని కాదు,
నా మోకాళ్ళనడుగు."

నోటుబుక్కులో రాసుకున్నాను,
వాడుకోలేనని తెలిసే.

ఇళంగో ఫొటోలు తీశాడు.
ఫొటో కోసం ఆమె చేతులకి గ్లౌజులు,
నీలం రంగువి, మడతలు పోనివి.
యంత్రం వైపు చూడమన్నాడోసారి,
ఆకాశం వైపోసారి, ఆశగా చూడమన్నాడు.
పైన గద్దలు తిరుగుతున్నాయి. వాటినే చూసింది.
ఫొటో బాగా వచ్చింది.

తర్వాత షెడ్డు కుర్రాడొచ్చి గ్లౌజులడిగాడు.
వేలు వేలూ లాగి, తిరగేసి, దులిపి
ఇచ్చేసింది,
పెళ్ళికి ఎరువు తెచ్చిన నగలిచ్చేసినట్టు.
కింద చేతులు.
ఆ చేతుల గురించి రాయను.
ఎవరో పారేసిన సిరంజి దిగినచోట
నల్లగా మిగిలిన మచ్చొక్కటీ చెప్పి ఊరుకుంటాను.

వరదన్ గారినడిగాను.
"అది వేరే బడ్జెట్ హెడ్డు" అన్నారు,
మర్యాదగానే అన్నారు, టీ కూడా ఇప్పించారు,
కాగితం కప్పు, కప్పు మీద ఆకు బొమ్మ.

ఆ రాత్రి ప్రెస్‌నోటు పూర్తిచేశాను.
పదేళ్ళలో నాకు తెలిసిందొకటుంది,
నాలుగో పేరా ఎవరూ చదవరు.
మొదటిది విలేకరికి, రెండోది ఎమ్‌డీకి,
మూడోది ఎమ్‌డీ గారి ఆవిడకి.
నాలుగోదాంట్లో, చెట్ల లెక్కకీ ఫోన్ నంబరుకీ మధ్య
ఒక్క వాక్యం దాచాను:
ప్రతి కార్మికురాలికీ కంపెనీ నెలకి రెండు జతల గ్లౌజులిస్తుంది.
అబద్ధం.
నా వృత్తిలో అదేం కొత్త కాదు.
కొత్తల్లా
అది నిజమైతే బావుణ్ణనుకోవడం.

"ఆల్ ఓకే" అని వరదన్ గారి జవాబు.
మర్నాడొక తమిళ పేపరు, పన్నెండో పేజీ మూల,
చోటు చాలక పద్దెనిమిది వేల చెట్లూ నరికేసి,
ఎమ్‌డీని తీసేసి,
ఫొటో కింద గ్లౌజుల ముక్క వేసింది.

నాకు మెమో వచ్చింది. క్లయింటు పోయాడు.
గ్లౌజులూ వచ్చాయట,
మూడు వారాల తర్వాత అంకమ్మ ఫోన్ చేసింది.
మగవాళ్ళ సైజువి.
వేళ్ళ చివర అంగుళం ఖాళీ.
జారిపోకుండా మణికట్ల దగ్గర
పూల పొట్లం దారం చుట్టుకుంటోందట.
"వచ్చే నెల గూడా ఇస్తారా?" అంది.

మాటలు ఉతికేదాన్ని,
నా దగ్గర ఆ పూట
ఉతికిందీ లేదు, మురికిదీ లేదు.